బూ నాసర్ ఒక్కడే, రాతలో ముగ్గురయ్యాడేంటి?

కువైట్_నర్సమ్మ · రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కువైట్‌లో పదకొండేళ్లు నర్సుగా చేసి రెండేళ్ల కిందట రాజమండ్రి వచ్చేశాను. అరబ్బీ మాట్లాడటానికి నాకు ఇబ్బంది లేదు. చదవడం, రాయడం మాత్రం అంతంతమాత్రం. అందుకే ఆరు నెలల నుంచి సాయంత్రాలు ఆన్‌లైన్ క్లాసులో కూర్చుంటున్నాను.

మొన్న హోంవర్కులో "నాసిర్ వాళ్ల నాన్న వచ్చాడు" అని రాయమన్నారు. కువైట్‌లో పెద్దకొడుకు పేరు పెట్టి "బూ నాసర్" అని పిలుస్తారు. పుస్తకం భాషలో అది "అబూ" అవుతుందని తెలుసు. కానీ ఎక్కడో పేపర్లో "అబీ" అని చూసిన గుర్తుతో "జాఅ అబీ నాసిర్" అని రాశాను. ఎర్ర గీత. తర్వాతి వాక్యం "నాసిర్ వాళ్ల నాన్నని చూశాను". సరే, ఇక్కడైనా అబూ పెడదామని "రఅయ్తు అబూ నాసిర్" అన్నాను. దానికీ ఎర్ర గీతే. అక్కడ "అబా" రావాలట!

ఎందుకు సార్ అంటే, "ఇవి అస్మా ఖమ్సా, ఐదు ప్రత్యేక నామాలు, బట్టీ పట్టండి" అన్నారు. యాభై దాటాక బట్టీ నావల్ల కాదు. మిగతా పేర్లకి లేని రోగం ఈ అబూకి ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్పండి.

మస్కట్_మేస్త్రి · రాత్రి 9:58

అక్కా, నేను జగిత్యాల నుంచి వచ్చి పద్నాలుగేళ్లాయె. సైట్ మీద ఇంజనీరు దగ్గర్నుంచి డ్రైవర్ దాకా అందరితోని అరబ్బీలనే మాట్లాడత. ఈ ఊ, ఆ, ఈ చివర్లు ఒక్కడు కూడా పలకడు. పుస్తకాలోళ్ల గోల అది. ఎందుకు టెన్షన్ పడతవ్?

కడప_ఉస్తాద్ · రాత్రి 10:35

నర్సమ్మ గారూ, ముప్పై ఏళ్లు అరబ్బీ చెప్పి రిటైరైనవాణ్ణి. మీ ప్రశ్నలోనే చిన్న మెలిక ఉంది. మిగతా పేర్లకి ఆ రోగం లేదనుకుంటున్నారు చూశారా, వాటికీ ఉంది. బయటికి కనపడదు, అంతే.

నామవాచకానికి అరబ్బీలో మూడు స్థితులు. పని చేసేవాడైతే రఫా. పని ఎవరి మీద పడిందో వాడైతే నసబ్. "ఇలా" (కి), "మిన్" (నుంచి), "ఫీ" (లో) లాంటి అరబ్బీ మాటల తర్వాత వచ్చినా, "ఫలానావాడి" అని సంబంధం చెప్పినా జర్. తెలుగులో డు, ని, యొక్క అంటూ ప్రత్యయాలు తగిలిస్తాం. అరబ్బీలో చివరి అచ్చు మారుతుంది. రఫాకి ఉకారం, నసబ్‌కి అకారం, జర్‌కి ఇకారం. మన మదర్సాల్లో వీటినే పేష్, జబర్, జేర్ అంటాం. అల్ వలదు, అల్ వలద, అల్ వలది. ముగ్గురూ ఒకే కుర్రాడు.

ఇప్పుడు అసలు సంగతి. అరబ్బీ రాతలో పొట్టి అచ్చులు రాయరు. పేపర్ తీసి చూడండి, మూడు చోట్లా ఆ కుర్రాడు ఒకేలా ఉంటాడు. మీరు మనసులో తప్పు చదువుకున్నా కాగితం మీద పట్టుబడరు. అబూ సంగతి అలా కాదు. వీడికి పొట్టి అచ్చు బదులు దీర్ఘం వస్తుంది. దీర్ఘాన్ని అక్షరంతోనే రాయాలి: రఫాకి వావ్, నసబ్‌కి అలిఫ్, జర్‌కి యా. అబూ, అబా, అబీ. అందరూ చేసే పనే వీడూ చేస్తున్నాడు. పైకి కనిపిస్తున్నాడు కాబట్టి దొరికిపోతున్నాడు.

ఐదుగురు వీళ్లు: అబ్ అంటే తండ్రి, అఖ్ అంటే సోదరుడు, హమ్ అంటే భర్త తరపు మామగారు, ఫూ అంటే నోరు, జూ అంటే "ఫలానాది కలవాడు".

మీరు కడప వచ్చి నా క్లాసులో కూర్చుని ఉంటే ఖురాన్‌లో సూరా యూసుఫ్ 81వ ఆయతు తీయమనేవాణ్ణి. పెద్దన్న తమ్ముళ్లని ఇంటికి పంపుతూ అంటాడు: "ఇర్జిఊ ఇలా అబీకుమ్, ఫఖూలూ యా అబానా". మీ నాన్న దగ్గరికి వెళ్లండి, వెళ్లి "ఓ మా నాన్నా" అనండి. ఒకే వాక్యంలో ఒకే తండ్రి. "ఇలా" తర్వాత కాబట్టి అబీ, పిలుపులో వెనక "మా" అన్న తోక ఉన్న మాట (ముజాఫ్) నసబ్ అవుతుంది కాబట్టి అబా. రఫా కావాలంటే సూరా ఖసస్ 23వ ఆయతులో ఇద్దరు ఆడపిల్లలు అంటారు: "వ అబూనా షైఖున్ కబీర్", మా నాన్న బాగా ముసలివాడు. ఈ రెండు ఆయతులు చెవిలో ఉంటే బట్టీ అక్కర్లేదు.

మేస్త్రీ నాయనా, చివర్లు ఎవరూ పలకరన్నావు. "షుక్రన్" అంటావా, అనవా? "అఫ్వన్"? "అహ్లన్"? ఆ "అన్" ఏంటనుకున్నావు? దో జబర్, అంటే రెండు జబర్‌లు. అచ్చమైన నసబ్. పద్నాలుగేళ్లుగా రోజుకి నలభైసార్లు పలుకుతున్నావు.

మస్కట్_మేస్త్రి · రాత్రి 10:41

దొరికిపోయిన సారూ 😄 షుక్రన్.

శబ్దమంజరి · రాత్రి 11:10

నాకు అరబ్బీ రాదు, సంస్కృతం ఎం.ఏ. కానీ ఉస్తాద్ గారి మాట చదవగానే మన తెలుగే గుర్తొచ్చింది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలని ఒక గుంపు చెబుతాడు. విభక్తి తగిలేసరికి రూపం మార్చుకునే మాటలు. ఇల్లు, ఇంటికి. కన్ను, కంటికి. రాయి, రాతికి. చేయి, చేతికి. "ఇల్లుకి వెళ్తున్నా" అన్నవాణ్ణి చూసి మనం నవ్వుతాం కానీ అది ఔపవిభక్తికమని వాడికి చెప్పం.

ఒక సరదా. ఉస్తాద్ గారి ఐదింటిలో నోరు ఉంది. మన గుంపులోనూ నోరుంది: నోరు, నోటికి.

కడప_ఉస్తాద్ · ఉదయం 6:20

చాలా బాగుందండీ. కానీ పోలిక సగం దూరమే నడుస్తుంది. ఇంటి, నోటి అన్నవి పునాది మాత్రమే. ఆ పైన కి, లో, తో వేరే రావాలి. అబీలో అలా కాదు, ఆ యా అక్షరమే విభక్తి. ఇంకేమీ తగలదు. అయినా "నోరు" మాట పట్టుకున్నారు కాబట్టి చెప్తా. నోటికి అరబ్బీలో మామూలు మాట "ఫమ్". మీమ్, అంటే మ అక్షరం, ఉన్నంతసేపు అది బుద్ధిమంతుడు: ఫముక (నీ నోరు), ఫమక, ఫమిక. మీమ్ ఊడితేనే ఐదుగురిలో చేరుతుంది: ఫూక, ఫాక, ఫీక.

మిగతావాళ్లకీ షరతులున్నాయి. ఏకవచనం కావాలి. ముజాఫ్ కావాలి, అంటే "ఫలానావాడి తండ్రి" అని వెనక ఒక తోక ఉండాలి. తోక లేకపోతే అబున్, అబన్, అబిన్. అందరిలాంటివాడే. ఆ తోక "నా" అన్న యా కాకూడదు. నర్సమ్మ గారు జారిపడింది బహుశా ఇక్కడే. "అబీ" అంటే "మా నాన్న" అని కూడా అర్థం, అది మూడు స్థితుల్లోనూ మారదు. జాఅ అబీ, రఅయ్తు అబీ. అది చూసి అబీ నాసిర్ కూడా ఎక్కడైనా చెల్లుతుందనుకున్నారు.

కువైట్_నర్సమ్మ · ఉదయం 7:05

అదేనండీ! ఆ "మా నాన్న" అబీయే నా కొంప ముంచింది. కువైట్‌లో దాన్ని "ఉబూయ్" అంటారు, అందుకే రెండూ వేరని తట్టలేదు.

బార్కస్_పోరడు · ఉదయం 11:30

సలాం. మాది హైదరాబాద్ బార్కస్. నిజాం ఫౌజులో పనిచేయడానికి యెమన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చిన వాళ్ల బస్తీ. బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాటే బార్కస్ అయింది. మా తాతలకి అరబ్బీ ఇంటి భాష. మాకు ఉర్దూ, తెలుగు.

ఉస్తాద్‌కి ఒక ప్రశ్న. మేం మదర్సాలో నహ్వ్ (వ్యాకరణం) పుస్తకం నహ్వ్ మీర్ చదివినప్పుడు "అస్మాయె సిత్తా ముకబ్బరా" అని ఆరు చెప్పారు. ఇక్కడ ఐదంటున్నారు. ఒకడు ఏమయ్యాడు?

ఇంకోటి, అందరి కోసం. రఫా ఉకారం ఎవరూ పలకరంటారు కదా, హైదరాబాద్ పేర్ల నిండా అదే. అబ్దుల్ అని విడి మాటేం లేదు. "అబ్దు" ప్లస్ "అల్" (ఇంగ్లీషు "ది" లాంటిది). ఆ దు లో ఉన్నది పేష్. నిజాముల్ ముల్క్‌లో ము, నిజాముద్దీన్‌లో ము, దారుల్ షిఫాలో రు, అన్నీ రఫాయే. ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీలో ఉన్న, 1888 నుంచి పాత అరబ్బీ గ్రంథాలు అచ్చేస్తున్న దాయిరతుల్ మఆరిఫ్ పేరులో "తుల్" చూడండి. అదీ అంతే. వాక్యంలో ఎక్కడ పెట్టినా ఆ పేష్ మాత్రం కదలదు. అసలు అరబ్బీలో "అబ్దుర్రహ్మాన్‌కి" అనాలంటే "ఇలా అబ్దిర్రహ్మాన్" అవ్వాలి.

ఒట్టి_పాఠకుడు · మధ్యాహ్నం 12:15

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయను. కానీ ఆగలేకపోయాను. అయితే మన తానీషా అబుల్ హసన్ కూడా ఐదుగురి బాపతేనా? భద్రాచలం రామదాసుని చెరలో పెట్టిన తానీషా? మరి అబ్దుల్ కలాం గారి నాన్నగారు జైనులాబ్దీన్. అందులో "ను" రఫా అనుకుంటే చివర "ఈన్" ఏంటి?

కడప_ఉస్తాద్ · మధ్యాహ్నం 2:50

ముందు తానీషా. అవును, గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్‌లో ఉన్నది ఆ అబూయే. వెనక అల్ తగిలి దీర్ఘం పలుకులో పొట్టిదైంది, రాతలో వావ్ అలాగే ఉంటుంది. అరబ్బీ చరిత్రకారుడు "అబుల్ హసన్‌ని ఓడించాడు" అని రాస్తే అబల్ హసన్ అవుతాడు, "అబుల్ హసన్ నుంచి" అంటే అబిల్ హసన్.

జైనులాబ్దీన్ ఇంకా మంచి ఉదాహరణ. జైను అల్ ఆబిదీన్, ఆరాధకులకు అలంకారం. జైను రఫాలో ఉంది. వెనకున్న "ఆరాధకుల" సంబంధం కాబట్టి జర్. ఆబిద్‌కి బహువచనం రఫాలో ఆబిదూన, నసబ్‌లోనూ జర్‌లోనూ ఆబిదీన. ఇక్కడ కూడా పొట్టి అచ్చు కాదు, వావ్, యా అక్షరాలే స్థితిని మోస్తున్నాయి. ద్వివచనమూ అంతే, రఫాలో "ఆని", మిగతా రెండింటా "ఐని". రామేశ్వరంలో ఒక పెద్దాయన పేరులో రెండు విభక్తులు, రెండూ సరైన చోట ఉన్నాయి.

బార్కస్ బాబూ, నీ ఆరోవాడు "హన్". పేరు పెట్టి చెప్పలేని వాటిని "అదీ ఇదీ" అని దాటేస్తాం చూడు, దానికి వాడే మాట. ఇబ్న్ మాలిక్ తన వెయ్యి పద్యాల అల్ఫియ్యాలో ఆరింటినీ లెక్కపెట్టి, ఈ చివరివాడికి దీర్ఘం లేకపోతేనే మేలన్నాడు. కొత్త పుస్తకాలు వాణ్ణి ఇంట్లోంచే పంపేశాయి. మదర్సా పుస్తకాల్లో ఇంకా ఉన్నాడు.

మన ఉర్దూ క్యాలెండర్లు కూడా చూడండి. బక్రీద్ నెలని కొందరు జుల్ హిజ్జా అంటారు, మన ఇళ్లల్లో జిల్‌హజ్ అంటాం. రెండూ ఐదో నామం "జూ"యే. ఒకరు రఫా పట్టుకున్నారు, ఇంకొకరు జర్ పట్టుకున్నారు.

కువైట్_నర్సమ్మ · సాయంత్రం 5:30

ఇప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. జాఅ అబూ నాసిరిన్. రఅయ్తు అబా నాసిరిన్. సల్లమ్తు అలా అబీ నాసిరిన్. సరేనా?

నాసిర్ చివర "ఇన్" పెట్టాను, "నాసిర్ యొక్క" కాబట్టి జర్ అని. అయితే ఒక డౌటు. పెద్దకొడుకు నాసిర్ కాకుండా అహ్మద్ అయ్యుంటే "అబూ అహ్మదిన్" అనాలి కదా? క్లాసులో ఒకాయన అలా చదివితే సార్ ఆపేశారు.

కడప_ఉస్తాద్ · రాత్రి 8:10

మూడు వాక్యాలూ సరే. పదికి పది.

అహ్మద్‌కి మాత్రం అబూ అహ్మద. ఇన్ లేదు, ఇ కూడా లేదు. జర్ స్థానంలో కూర్చుని అకారం పెట్టుకుంటాడు. వీళ్లు గైర్ మున్సరిఫ్, రెండు వేషాల వాళ్లు. రఫాకి ఉ, మిగతా రెంటికీ అ. తన్వీన్, అంటే చివర వచ్చే ఆ "న్", అసలు ఒప్పుకోరు.

కారణాలు తొమ్మిదని మా మదర్సా వ్యాకరణం పుస్తకం హిదాయతున్నహ్వ్‌లో లెక్క. తొమ్మిదిలో ఏ రెండు ఒకచోట కలిసినా మాట ఈ గుంపులో పడుతుంది. మక్కా, జైనబ్: పేరు, పైగా స్త్రీలింగం. ఉస్మాన్: పేరు, చివర అదనపు అలిఫ్ నూన్. అహ్మద్: పేరు, పైగా క్రియ మూసలో ఉంది. "అహ్మదు" అంటే "నేను పొగుడుతాను" అని కూడా అర్థం. మరి ముహమ్మద్? పేరు అన్న ఒక్క కారణమే ఉంది. కాబట్టి ముహమ్మదున్, ముహమ్మదన్, ముహమ్మదిన్. బార్కస్ బాబు తాతల ఊరు హజ్రమౌత్ కూడా ఈ గుంపే. రెండు మాటలు అతికిన ఊరి పేరు.

దీనికి నేను వాడే పాఠం సూరా నిసా 163వ ఆయతు. అరబ్బీ నామాల మ్యూజియం అది. నెమ్మదిగా చదవండి:

"...కమా అవ్‌హైనా ఇలా నూహిన్ వన్నబియ్యీన మిమ్ బఅదిహీ, వ అవ్‌హైనా ఇలా ఇబ్రాహీమ వ ఇస్మాఈల వ ఇస్‌హాఖ వ యఅఖూబ వల్ అస్బాతి వ ఈసా వ అయ్యూబ వ యూనుస వ హారూన వ సులైమాన..."

ఇక్కడున్న పేర్లన్నీ "ఇలా" కిందికి వచ్చి జర్‌లోనే ఉన్నాయి. కానీ ఎన్ని రకాలుగా ఉన్నాయో చూడండి. నూహిన్ మామూలు తన్వీన్. నబియ్యీన బహువచనం, యాతో. ఇబ్రాహీమ మొదలైనవాళ్లు పరభాషా పేర్లు, అకారం. అల్ అస్బాతి మామూలు జేర్. ఈసాలో ఏమీ కనపడదు. అది అలిఫ్‌తో ముగిసే పేరు, మూడు స్థితులూ కడుపులో దాచుకుంటుంది.

మరి నూహ్ కూడా పరభాషా పేరే కదా, అతనికి తన్వీన్ ఎందుకని పిల్లలు అడిగేవాళ్లు. మూడే అక్షరాలు, నడిమిదాని మీద అచ్చు లేదు. నాలుకకి బరువు లేదు. బరువు లేనివాడికి శిక్ష లేదు. లూత్ కూడా అంతే.

శబ్దమంజరి · రాత్రి 8:45

శిక్ష అన్నారు. ఎందుకా శిక్ష? కారణాలు తొమ్మిది ఎందుకు, రెండే ఎందుకు కలవాలి? మాకు పాణిని సూత్రం చెబితే "ఎందుకు" అని అడగకూడదనేవారు, మీ దగ్గర అడగొచ్చేమో.

కడప_ఉస్తాద్ · రాత్రి 9:30

అడగొచ్చు, జవాబూ ఉంది. ఒప్పుకోవడం మీ ఇష్టం. పాత వ్యాకర్తలు చెప్పింది ఇది: క్రియకి జేరూ లేదు, తన్వీనూ లేదు. కొన్ని నామాలు రెండు వైపుల నుంచి క్రియని పోలి ఉంటాయి కాబట్టి, క్రియకి లేనివి వీటికీ తీసేశారు. రుజువుగా ఏం చూపిస్తారంటే, ముందు అల్ పెట్టినా, వెనక ముజాఫ్ తోక తగిలించినా ఈ మాటలు మళ్లీ జేర్ పెట్టుకుంటాయి. క్రియకి అల్ రాదు, తోకా రాదు. అవి రాగానే మాట తన నామత్వం తాను తెలుసుకుంటుందన్నమాట.

"బి అహ్సన మిన్హా", దానికంటే మంచిదానితో. అకారం. "బి అహ్కమిల్ హాకిమీన్", న్యాయమూర్తుల్లోకెల్లా గొప్పవాడు. ఇకారం. రెండూ ఒకే మూస మాటలు, రెండో దానికి తోక ఉంది.

నా సొంత అభిప్రాయం అడిగితే, క్రియ పోలిక అన్నది తర్వాత కట్టిన గోడ. ఇల్లు అంతకు ముందే ఉంది. అరబ్బీకి పాత చుట్టం ఉగారిటిక్‌లో కూడా కొన్ని పేర్లకి ఉ, అ రెండే కనిపిస్తాయి.

బార్కస్_పోరడు · రాత్రి 10:05

ఉస్తాద్, రాతలో కనిపించేవాటి గురించి కదా మాట. ఉమర్, అమ్ర్ సంగతి చెప్పకుండా వదిలేస్తారా?

పొట్టి అచ్చులు లేకుండా రెండూ ఒకటే: ఐన్, మీమ్, రా. అందుకని అమ్ర్ చివర పలకని వావ్ ఒకటి తగిలించారు, తేడా తెలియడానికి. తమాషా ఏంటంటే నసబ్‌లో ఆ వావ్ తీసేస్తారు. ఎందుకంటే అమ్ర్ మామూలు మాట, నసబ్‌లో "అమ్రన్" అయి చివర అలిఫ్ వస్తుంది. ఉమర్ గైర్ మున్సరిఫ్, వాడికి తన్వీన్ లేదు, అలిఫ్ రాదు. అలిఫే గుర్తు అయినప్పుడు వావ్ ఎందుకు? రెండు తోకలు దండగ.

మా ఉస్తాద్ ఇది చెప్పిన రోజు నాకు నహ్వ్ మీద మొదటిసారి ఇష్టం పుట్టింది.

పనిలో పని, నాకో పాత ముల్లు. "లయాలిన్ అష్రిన్", పది రాత్రులు. ఈ లయాల్ మసాజిద్ మూస బహువచనమే, ఆ మూస ఒక్కటే రెండు కారణాల పెట్టు అంటారు. మరి తన్వీన్ ఎట్లా వచ్చింది?

కడప_ఉస్తాద్ · మర్నాడు ఉదయం 6:15

ఫజ్ర్ తర్వాత టీ తాగుతూ రాస్తున్నా.

అది అసలు తన్వీన్ కాదు, నష్టపరిహారం. లయాలీ చివర ఒక యా ఉంది. ఖాజీ చివర ఉన్నట్టే. "ఖాజిన్" అన్నప్పుడు ఆ యా పడిపోతుంది కదా, లయాలీలోనూ పడిపోయింది. పడిపోయిన యాకి బదులుగా ఇచ్చిందే ఆ తన్వీన్. నసబ్‌లో యా పడదు, కాబట్టి పరిహారమూ లేదు. సూరా సబా 18: "సీరూ ఫీహా లయాలియ వ అయ్యామన్ ఆమినీన్". రాత్రులూ పగళ్లూ నిశ్చింతగా ప్రయాణించండి. రాత్రులకి తన్వీన్ లేదు, పక్కనే పగళ్లకి ఉంది. ముల్లు తీసేశానా?

బార్కస్_పోరడు · ఉదయం 9:02

తీసేశారు. ఇన్నేళ్లు గుచ్చుకున్నది ఇంత చిన్నదా.

మస్కట్_మేస్త్రి · మధ్యాహ్నం 1:20

లంచ్ బ్రేక్. మీరు ఆని, ఐని అన్నరు కదా. మేం సైట్ మీద రెండు రోజులంటే "యోమేన్", రెండు నెలలంటే "షహరేన్". ఇంజనీర్లు వచ్చిండ్రన్నా, ఇంజనీర్లని పిలువన్నా "ముహందిసీన్". "ఊన్" అన్నోణ్ణి టీవీల తప్ప చూడలే. మరి అబూ మాత్రం ఎప్పుడూ బూ. అంటే మాట్లాడేటోళ్లు ఒకదాన్ల నసబ్ ఉంచుకున్నరు, ఇంకోదాన్ల రఫా ఉంచుకున్నరా?

ఇంకోటి, అబుదాబిల బోర్డుల మీద ఎన్నడూ "అబీ" చూడలే. ఇలా, ఫీ తర్వాత కూడా అబూనే.

కడప_ఉస్తాద్ · మధ్యాహ్నం 3:40

నాయనా, పుస్తకాలోళ్ల గోల అన్నవాడివి నువ్వేనా? సరిగ్గా పట్టావు. నసబ్, జర్ రెండింటికీ కలిపి ఒకే రూపం ఉన్నచోట ఆ రూపమే ఎక్కువసార్లు వినపడుతుంది, అది నిలబడింది. అబూలో మూడూ వేర్వేరు, అక్కడ విడిగా పేరు చెప్పేటప్పుడు వాడే రఫా రూపం నిలబడింది. నేనైతే అలా అనుకుంటాను.

అబుదాబిది ఊరి పేరు. పేరు ఎలా వినిపించిందో అలాగే ఉంచేయడం ఒక పద్ధతి. ప్రభుత్వం దాన్ని కలిపి ఒకే మాటగా, ఎప్పుడూ వావ్‌తోనే రాస్తుంది. కొన్ని పత్రికలు మాత్రం ఫీ తర్వాత "అబీ" అని దిద్దుతాయి. నర్సమ్మ గారు పేపర్లో చూసిన అబీ అదే అయ్యుంటుంది.

ఒట్టి_పాఠకుడు · సాయంత్రం 4:25

ఒక అచ్చు కోసం ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్లకి ఒక కథ విన్నాను, ఉస్తాద్ గారు నిజమో కాదో చెప్పాలి. సీబవైహ్ అనే పెద్ద వ్యాకర్త కందిరీగ గొడవలో ఓడిపోయి ఊరు వదిలాడట?

కడప_ఉస్తాద్ · సాయంత్రం 5:00

వ్యాకరణం పుస్తకాల్లో తరతరాలుగా చెప్పే కథే. బాగ్దాదులో బర్మకీ మంత్రి యహ్యా కొలువు. బస్రా నుంచి వచ్చిన సీబవైహ్‌ని కూఫా పండితుడు కిసాయీ అడిగాడు: "తేలు కుట్టడమే కందిరీగ కంటే నొప్పి అనుకున్నా, తీరా చూస్తే అదీ ఇదీ ఒకటే" అనడానికి "హువ హియ" అనాలా, "హువ ఇయ్యాహా" అనొచ్చా? హియ రఫా, ఇయ్యాహా నసబ్. సీబవైహ్ హియ ఒక్కటే అన్నాడు. కిసాయీ రెండూ చెల్లుతాయన్నాడు. వాకిట్లో ఉన్న ఎడారి అరబ్బుల్ని పిలిచి అడిగితే వాళ్లు కిసాయీ వైపు మొగ్గారు. వాళ్లకి ముందే డబ్బు ముట్టిందని బస్రావాళ్లు ఇప్పటికీ అంటారు. సీబవైహ్ పర్షియా వెళ్లిపోయి కొద్దికాలానికే పోయాడు, సమాధి షీరాజ్‌లో ఉంది.

నా ఓటు సీబవైహ్‌కే. తేలూ వద్దు, కందిరీగా వద్దు, హియ చాలు.

కువైట్_నర్సమ్మ · రాత్రి 9:15

ఉస్తాద్ గారూ, ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. ఇంతసేపు హోంవర్కు అన్నాను, అది నిజమే. కానీ ఈ క్లాసులో చేరింది వేరే పని కోసం.

బూ నాసర్ నా పేషెంటు. నాలుగేళ్లు వాళ్లింటికి వెళ్లి డ్రెస్సింగ్ చేసేదాన్ని. (అసలు పేరు వేరు, ఇక్కడ మార్చాను.) పోయిన నెల ఆయన పోయారు. వాళ్లమ్మాయి ఫోన్లో చెప్పింది. నోటితో "అజ్జమల్లాహ్ అజ్రకుమ్" అన్నాను. కానీ ఒక ఉత్తరం రాసి పంపాలని ఉంది, పుస్తకం అరబ్బీలో, తప్పుల్లేకుండా. ఆయన పేపర్ చదువుతూ అచ్చుతప్పులు చూపించి కోప్పడే మనిషి.

ఇలా మొదలుపెట్టాను: "ఇలా ఉస్రతిల్ మర్హూమి అబీ నాసిరిన్". కీర్తిశేషులైన అబూ నాసిర్ కుటుంబానికి. ఇలా తర్వాత ఉస్రతి జర్, దాని వెనక మర్హూమి జర్, ఆ మర్హూమే అబూ నాసిర్ కాబట్టి అబీ. కరెక్టేనా?

తర్వాతి లైను "అజ్జమల్లాహు అజ్రకుమ్ వ అహ్సన అజాఅకుమ్". చివరి మాట దగ్గర ఆగిపోయాను. అందులో హంజా అనే అక్షరం ఎక్కడ కూర్చోవాలి? ఇంటర్నెట్‌లో వావ్ మీద, యా మీద, విడిగా, మూడు రకాలూ కనిపిస్తున్నాయి. అరబ్బులే మూడు రకాలుగా రాస్తుంటే నేనేం చేయను?

కడప_ఉస్తాద్ · రాత్రి 9:50

ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. అమ్మా, మొదటి లైనులో వేలు పెట్టడానికి చోటు లేదు. అబీకి మీరు చెప్పిన కారణమే కారణం.

హంజా సంగతి ఇన్నాళ్లూ మాట్లాడుకున్నదే. అజా అన్న మాట చివర హంజా. వెనక కుమ్ తగలగానే అది నడిమికి వస్తుంది, తన మీది అచ్చుని బట్టి కుర్చీ వెతుక్కుంటుంది. రఫా అయితే అజాఉకుమ్, వావ్ మీద. జర్ అయితే అజాఇకుమ్, యా మీద. నసబ్ అయితే అజాఅకుమ్. ముందు అలిఫ్ ఉంది, పక్కన ఇంకో అలిఫ్ పెట్టరు, కాబట్టి విడిగా గీత మీద కూర్చుంటుంది. మీ వాక్యంలో చేసేవాడు అల్లాహు, రఫా. చేయబడేది మీ ఓదార్పు, నసబ్. విడిగా రాయండి. యా మీద రాసేవాళ్లు ఎందరో ఉన్నారు, సంతాప ప్రకటనల్లో కూడా చూశాను. మీ బూ నాసర్ ఉంటే కోప్పడేవారు.

కువైట్_నర్సమ్మ · నాలుగు రోజుల తర్వాత, ఉదయం 8:30

కాగితం మీద చేత్తో రాసి ఫొటో తీసి పంపాను. హంజా విడిగానే పెట్టాను, కొంచెం పెద్దగా పడింది.

రాత్రి నాసర్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఉత్తరం వాళ్లమ్మకి చదివి వినిపించాడట. "మా గస్సర్తీ" అన్నాడు, రెండుసార్లు. నువ్వేం లోటు చేయలేదు అని. ఆ తర్వాత వెనకాల నుంచి ఉమ్ నాసర్ గొంతు వినపడింది, చక్కెర తగ్గించావా లేదా అని నన్నే అడుగుతోంది.

ఉస్తాద్ గారూ, వచ్చేవారం క్లాసులో అంకెలట. మూడు నుంచి పది దాకా లింగం తిరగబడుతుందంటున్నారు. కొత్త చర్చ మొదలుపెట్టనా, ఇక్కడే అడగనా?

కడప_ఉస్తాద్ · ఉదయం 8:41

కొత్తది మొదలుపెట్టండమ్మా. దానికి ఇది చాలదు.